అమ్మకి "కొవ్వులో వాపు" ఉందన్నారు, ఒంట్లో ఎక్కడా వాపు లేదు. దీని అర్థం ఎవరైనా చెప్తారా?

కోట వెనక వీధి (విజయనగరం):

అందరికీ నమస్కారం. మా అమ్మకి 58 ఏళ్ళు. ఏడు నెలల క్రితం ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది, క్యాన్సర్ అన్నారు. విశాఖలో ఆపరేషన్ అయింది, తర్వాత రేడియేషన్ కూడా అయింది, కీమో అక్కర్లేదన్నారు. రిపోర్టులో ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్ (రెండూ హార్మోన్ పరీక్షలట), హెర్2 (ఒక ప్రోటీన్ పరీక్షట) నెగెటివ్ అని ఉంది. ఇప్పుడు రోజుకో లెట్రోజోల్ మాత్ర, అయిదేళ్ళు వాడాలట.

మొన్న చెకప్‌కి వెళ్తే డాక్టరు గారు "బరువు తగ్గాలమ్మా, మీ కొవ్వులో ఇన్‌ఫ్లమేషన్ ఉంటుంది, అది మంచిది కాదు" అన్నారు. బయట ఇంకా నలభై మంది కూర్చుని ఉన్నారు, ఆయన్ని తప్పు పట్టను, కానీ అదేమిటో అడగడానికి నాకు నోరు రాలేదు. పక్కనున్న నర్సు అమ్మకి అర్థం కావాలని "వాపు ఉందంట" అని చెప్పింది. ఇక ఆ రోజు నుంచి అమ్మ పొద్దున్నే మంచం దిగగానే కాళ్ళు నొక్కి చూసుకుంటోంది, సొట్ట పడుతుందేమో అని. నీరు పట్టిందేమో అనుకుని మంచినీళ్ళు తగ్గించేసింది, బార్లీ కాచుకుని తాగుతోంది. కాళ్ళు చూస్తే మామూలుగానే ఉన్నాయి, మొహమూ మామూలుగానే ఉంది.

ఇంకోపక్క చుట్టాలు. పెద్దమ్మ పలాస నుంచి రెండు కేజీల జీడిపప్పు తెచ్చింది, కోత పడిన ఒళ్ళు, బలం రావాలి అని రోజూ నేతిలో వేయించి పెట్టమంటోంది. మా మేనత్త అయితే "లావుగా ఉన్నావు కాబట్టే ఈ రోగం వచ్చింది" అని అమ్మ మొహం మీదే అనేసింది. అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నాకు ఆ మాట విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు.

అమ్మ ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 74 కేజీలు. ఈ కొవ్వులో వాపు అంటే ఏమిటి, దానికీ రొమ్ము క్యాన్సర్‌కీ సంబంధం ఏమిటి, ఇప్పుడు బరువు తగ్గితే నిజంగా ఏమైనా లాభం ఉంటుందా? నాకు 34, నేనూ కొంచెం బొద్దుగానే ఉంటాను, నా గురించి కూడా భయంగానే ఉంది. తెలిసినవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి, పెద్దగా ఉన్నా చదువుతాను.

స్లైడు మీద జీవితం (శ్రీకాకుళం):

చెల్లీ, ముందు అమ్మగారిని మంచినీళ్ళు మామూలుగా తాగమను. ఇది నీరు పట్టడం కాదు. మన మాటల్లో ఒక చిక్కు ఉంది, కందిరీగ కుట్టిన చోట పొంగినా వాపే, కాళ్ళకి నీరు దిగినా వాపే, డాక్టరు ఇన్‌ఫ్లమేషన్ అన్నా మనం వాపు అనే చెప్పేస్తాం. నేనైతే దీన్ని కొవ్వు రాజుకోవడం అంటాను. ఊకపొయ్యి చూశావు కదా, పైకి మంట ఉండదు, లోపల మాత్రం గంటల తరబడి రాజుతూనే ఉంటుంది. ఇదీ అలాంటిదే, చెయ్యి పెడితే నొప్పి తెలియదు, అద్దంలో కనపడదు, జ్వరం రాదు.

నేను పాథాలజీలో పనిచేస్తాను, పదమూడేళ్ళుగా మైక్రోస్కోప్ కింద రొమ్ము ముక్కలు చూస్తున్నాను. రొమ్ములో పాలగ్రంథుల చుట్టూ ఉండేది ఎక్కువగా కొవ్వే, నెలసరి ఆగిపోయాక మరీను. మనిషి లావెక్కుతున్నప్పుడు ఒక్కో కొవ్వు కణం ఉబ్బుతూ పోతుంది, కానీ దానికి రక్తం తెచ్చే సన్న నాళాలు అంత వేగంగా పెరగవు. ఆక్సిజన్ సరిగ్గా అందక కొన్ని కణాలు చచ్చిపోతాయి. చచ్చినదాన్ని ఎత్తిపోయడానికి మాక్రోఫేజ్‌లు అనే కణాలు వస్తాయి, ఒంట్లో పారిశుధ్యం పని వాటిదే. కొవ్వు బొట్టు పెద్దది, ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు, అందుకని చుట్టూ వరసగా చేరతాయి. స్లైడు మీద చూస్తే తెల్లటి గుండ్రం చుట్టూ పూసలు గుచ్చినట్టు ఉంటుంది. కిరీటంలా ఉందని వాటికి క్రౌన్ లైక్ స్ట్రక్చర్స్ అని పేరు పెట్టారు. న్యూయార్క్‌లో ఆండ్రూ డానెన్‌బర్గ్ అనే ఆయన బృందం 2011లో ఆడవాళ్ళ రొమ్ము కొవ్వులోనే ఇవి ఉన్నాయని చూపించింది, బరువు ఎక్కువున్నవాళ్ళలో ఎక్కువగా కనిపించాయి. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, మామూలుగా ఉన్న కొందరిలో కూడా కనిపిస్తాయి, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇక అసలు విషయం. ఆ చేరిన కణాలు ఊరికే ఉండవు. టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఐఎల్-6, ప్రోస్టాగ్లాండిన్ లాంటి రసాయనాలు వదులుతాయి. వాటి ప్రభావంతో చుట్టుపక్కల కొవ్వులో అరోమటేజ్ అనే ఎంజైము పెరుగుతుంది. ఈ అరోమటేజ్ చేసే పని ఒక్కటే, ఒంట్లో ఆండ్రోజెన్ జాతి (మగ) హార్మోన్లను ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌గా మార్చడం. నెలసరి ఆగిపోయాక అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారీ దాదాపు మానేస్తాయి, అంతమాత్రాన ఒంట్లో ఈస్ట్రోజెన్ లేకుండా పోదు, అప్పటి నుంచి దాని తయారీకి ముఖ్యమైన చోటు కొవ్వే. రొమ్ములోని కొవ్వు అయితే పాలగ్రంథులను ఆనుకునే ఉంటుంది, వండిన చోటే వడ్డించినట్టు. అమ్మగారి రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ అని ఉందన్నావు కదా, ఆ గడ్డలోని కణాల మీద ఈస్ట్రోజెన్‌ని పట్టుకునే చోట్లు ఉన్నాయని దాని అర్థం, ఈస్ట్రోజెన్ దొరికితే అవి పెరుగుతాయి.

ఇప్పుడు చూడు, లెట్రోజోల్ ఆపేది సరిగ్గా ఆ అరోమటేజ్‌నే. డాక్టరు గారు చెప్పిన రెండూ, మాత్ర వాడమనడం, బరువు తగ్గమనడం, నీకు వేరువేరుగా వినిపించాయి, అవి ఒకే కథలో రెండు ముక్కలు. మాత్ర ఆ ఎంజైముని కట్టేస్తుంది, బరువు తగ్గితే ఆ ఎంజైముని ఎగదోసే సెగ తగ్గుతుంది. అలాగని బరువు తగ్గాక మాత్ర మానేయొచ్చు అనుకోకూడదు, ఎట్టి పరిస్థితిలోనూ.

ఇదొక్క దారే అని కూడా కాదు. కొవ్వు పెరిగితే కొవ్వు కణాలే వదిలే హార్మోన్లలో లెప్టిన్ పెరుగుతుంది, అడిపోనెక్టిన్ తగ్గుతుంది, ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతుంటుంది, ఇవన్నీ కణాలను పెరగమని తోసేవే. ఎలుకల్లో ఈ గొలుసుని మెట్టుమెట్టుగా చూపించారు. 2017లో వచ్చిన ఒక ఎలుకల అధ్యయనం నాకు బాగా గుర్తుంది, లావెక్కిన ఎలుకల ఊపిరితిత్తుల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఎక్కువై రొమ్ము క్యాన్సర్ అక్కడికి పాకడం సులువైంది, వాటి బరువు తగ్గించాక అది వెనక్కి మళ్ళింది. ఎలుకల్లో జరిగిందంతా మనిషిలో అలాగే జరుగుతుందని నేను అనను. కానీ మనుషుల వైపు నుంచి వచ్చిన లెక్కలూ అదే దిక్కు చూపిస్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో అధిక కొవ్వుతో సంబంధం ఉన్న 13 రకాల క్యాన్సర్లను గుర్తించింది, వాటిలో నెలసరి ఆగిన తర్వాత వచ్చే రొమ్ము క్యాన్సర్ ఒకటి.

బీఎంఐ సంగతి. అమ్మగారిది సుమారు 30.8 వస్తుంది. మనవాళ్ళకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని లెక్క, పాశ్చాత్యులకి పెట్టిన 25, 30 మనకి పెట్టుకోకూడదు, ఎందుకంటే మన ఒంట్లో అదే బరువుకి కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట చుట్టూ ఎక్కువ. అందుకే నేను కాటా కంటే టేపుని నమ్ముతాను. ఆడవాళ్ళకి నడుం చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదు. అమెరికాలో నెలసరి ఆగిపోయిన, బీఎంఐ మామూలుగానే ఉన్న ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి గమనిస్తే, ఛాతీ, పొట్ట భాగంలో కొవ్వు బాగా ఎక్కువున్నవాళ్ళకి ఈఆర్ పాజిటివ్ రొమ్ము క్యాన్సర్ ముప్పు దాదాపు రెట్టింపు కనిపించింది. చూడ్డానికి సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన ఆడవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో, "నాకేం, నేను సన్నమే" అనుకుంటారు.

నీ విషయానికొస్తే 34 ఏళ్ళకి కథ వేరు. నెలసరి వస్తున్న వయసులో మొత్తం మీద చూస్తే బరువు ఎక్కువున్నవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ కాస్త తక్కువగానే కనిపిస్తుంది, వింటే వింతగా ఉంటుంది గానీ అదే నిజం. అయితే ఆ బరువు అలాగే మోసుకుంటూ యాభై దాటితే లెక్క తిరగబడుతుంది. పద్దెనిమిదేళ్ళ తర్వాత పెరిగిన బరువే పెద్ద వయసులో ముప్పుగా మారుతుందని నర్సుల మీద జరిగిన పెద్ద అమెరికా అధ్యయనంలో తేలింది, నెలసరి ఆగాక 10 కేజీలో అంతకంటే ఎక్కువో తగ్గి దాన్ని నిలుపుకున్నవాళ్ళలో ముప్పు బాగా తగ్గిందని కూడా అందులోనే ఉంది. నీకు అమ్మ ద్వారా వచ్చిన చరిత్ర ఉంది కాబట్టి బరువు ఎంతైనా సరే, పరీక్షలు ఎప్పటి నుంచి మొదలుపెట్టాలో ఆ డాక్టరు గారినే అడుగు. గడ్డ లాంటిది తగిలితే వయసు చూసుకుని ఆగొద్దు, మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాల కంటే చిన్న వయసులోనే కనిపిస్తోంది.

పాలకొండ పిన్ని:

అమ్మా, నేనూ లెట్రోజోల్ మీదే ఉన్నాను, నాకిది నాలుగో ఏడు. పై తమ్ముడు చెప్పినంత శాస్త్రం నాకు తెలీదు, నా ఒంటి మీద జరిగింది చెప్తాను.

మాత్ర మొదలెట్టిన రెండు నెలలకి పొద్దున్నే వేళ్ళ కణుపులు, మోకాళ్ళు బిగుసుకుపోయేవి. నొప్పి అని నడక మానేశాను. నడక మానేస్తే ఏడాదిలో ఆరు కేజీలు పెరిగాను, పెరిగితే నొప్పి ఇంకా ఎక్కువైంది. మాత్ర మానేద్దామా అనిపించింది, మా అమ్మాయి ఒప్పుకోలేదు. డాక్టరమ్మ చెప్పింది, కదిలితేనే ఈ నొప్పి తగ్గుతుంది, కూర్చుంటే తగ్గదు అని. నాకు నమ్మకం లేదు. మొదట ఇంటి ముందు పది నిమిషాలు, తర్వాత గుడి దాకా, అలా అలా పెంచాను. మూడు నెలలకి తేడా తెలిసింది. ఇప్పుడు రోజూ ముప్పావు గంట నడుస్తాను, వానొస్తే వసారాలో అటూ ఇటూ తిరుగుతాను.

తిండి గురించి చెప్పాలి, ఎందుకంటే మన వైపు మూడు పూటలా అన్నమే కదా. నేను పొద్దున్న చోడి (రాగి) అంబలి తాగుతాను, బెల్లం వెయ్యను, మజ్జిగ, ఉల్లిపాయ వేసుకుంటాను. మధ్యాహ్నం అన్నం తగ్గించి కూర పెంచాను, ఆనపకాయో బీరకాయో తోటకూరో పప్పులో వేసి ఎక్కువ తింటాను. వారానికి రెండు సార్లు చేపల పులుసు. వేపుళ్ళు పండగలకే. రాత్రి ఏడున్నరకల్లా తినేస్తాను. పద్నాలుగు నెలల్లో 71 నుంచి 65కి వచ్చాను, తర్వాత అక్కడే ఆగింది, ఆగినా పర్వాలేదు అన్నారు. జీడిపప్పు మీ పెద్దమ్మ ప్రేమతో తెచ్చింది, పారేయకండి, రోజుకి అయిదారు పలుకులు చాలు, నేతిలో వేయించకుండా.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. మీ అమ్మ కాళ్ళు చూసుకుంటోంది కదా, చూసుకోవలసింది చెయ్యి. చంకలో గ్రంథులు తీశారా అడగండి. తీసి ఉంటే ఆ వైపు చెయ్యి వాచే అవకాశం ఉంటుంది, అది నిజం వాపే, గాజులు బిగుతైపోతాయి, ఉంగరం ఎక్కదు. బరువు ఎక్కువున్నవాళ్ళకి అదీ ఎక్కువగానే వస్తుందన్నారు. ఆ చేతికి సూది, బీపీ పట్టీ వద్దని నాకు చెప్పారు. కొంచెం తేడా అనిపించినా వెంటనే చూపించాలి.

ఉదయం బస్సు (చీపురుపల్లి):

ఇన్‌ఫ్లమేషనే కారణం అయితే దాన్ని తగ్గించే మాత్ర వేసుకుంటే సరిపోదా? మా ఆఫీసులో ఒకాయన రోజూ ఆస్పిరిన్ వేసుకుంటే క్యాన్సర్ తిరిగి రాదు అని ఎక్కడో చదివానన్నాడు. పసుపు గుళికలు కూడా మంచివంటున్నారు. పెద్దావిడకి బరువు తగ్గడం ఎంత కష్టమో మా అమ్మని చూస్తే తెలుస్తుంది, అందుకే అడుగుతున్నాను.

కవిటి కొబ్బరితోట:

దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి, ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మాత్రలంటే చాలావరకు నొప్పి మాత్రలే. నాది ఉద్దానం. మా ఊళ్ళో కిడ్నీ జబ్బు లేని ఇల్లు వెతుక్కోవాలి, మా బాబాయి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళి వెళ్ళి పోయారు. ఆయన ఏళ్ళ తరబడి కొబ్బరిచెట్లు ఎక్కి ఒళ్ళు నొప్పులకి దుకాణంలో నొప్పి మాత్రలు కొనుక్కుని మింగేవారు, డాక్టర్లు అదే ముందు అడిగారు. ఉద్దానం జబ్బుకి అదొక్కటే కారణం అనట్లేదు, కానీ నీరసపడిన కిడ్నీకి ఆ మాత్రలు దెబ్బ మీద దెబ్బ. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి రోజూ వేసుకోవలసిన మాత్రలు కావు. లెట్రోజోల్ వల్ల కీళ్ళనొప్పులు వస్తాయి కాబట్టి ఈవిడకి కూడా ఆ మాత్రల మీద చెయ్యి వెళ్తుంది, ముందే చెప్పి ఉంచండి.

ఆస్పిరిన్ సంగతి అయితే పరీక్షించి చూశారు. అమెరికాలో మూడు వేల మందికి పైగా రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకి, సగం మందికి రోజుకి 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి చూశారు. లాభం కనపడలేదు, అందుకని ట్రయల్ మధ్యలోనే ఆపేశారు, ఆ ఫలితం 2024లో అచ్చయింది. గుండెకోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్ వేరే విషయం, దాన్ని ఎవరూ మానకండి.

పసుపు కూరలో వేసుకోండి, మన అమ్మమ్మల కాలం నుంచీ వేస్తున్నదే. గుళికలు వేరు. మిరియాల సారం కలిపి గట్టిగా ఎక్కేలా చేసిన పసుపు గుళికల వల్ల లివర్ దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారు. క్యాన్సర్ మందు వాడుతున్న మనిషి డాక్టరుకి చెప్పకుండా ఏ గుళికా మొదలుపెట్టకూడదు.

బొబ్బిలి తమ్ముడు:

నేను ఆ మేనత్త గారి మాట గురించే రాద్దామని వచ్చాను. మా అప్పకి 41 ఏళ్ళకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అప్ప బరువు 47 కేజీలు. పొలం పని చేసిన మనిషి, ఒంట్లో కొవ్వు అనేదే లేదు. ఆవిడకి ఏం చెప్తారు? సన్నగా ఉన్నావు కాబట్టి వచ్చింది అంటారా?

బరువు ముప్పుని ఎంత పెంచుతుందో లెక్క చూడండి. నెలసరి ఆగిపోయినవాళ్ళలో బీఎంఐ అయిదు పెరిగితే ముప్పు సుమారు 12 శాతం పెరుగుతుందని పెద్ద లెక్కల్లో తేలింది. 155 సెంటీమీటర్ల ఎత్తున్న మీ అమ్మగారికి బీఎంఐ అయిదు అంటే 12 కేజీలు. ఉదాహరణకి వెయ్యి మందిలో 30 మందికి వస్తుందనుకుంటే, వాళ్ళందరూ పన్నెండు కేజీలు ఎక్కువున్నా 34 మందికి వస్తుంది. ఆ 34 మందిలో మీ అమ్మ ఎవరో, ముందు 30 మందిలోనా, తర్వాత నలుగురిలోనా, ఏ డాక్టరూ చెప్పలేడు, మీ మేనత్త గారు అసలే చెప్పలేరు. 2022లో మన దేశంలో 1 లక్షా 92 వేల మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చిందని అంతర్జాతీయ అంచనా, వాళ్ళలో లావువాళ్ళూ ఉన్నారు, సన్నవాళ్ళూ ఉన్నారు, పిల్లలకి పాలిచ్చినవాళ్ళూ ఉన్నారు, ఇవ్వనివాళ్ళూ ఉన్నారు.

బరువు తగ్గమనడం ముందు రోజుల కోసం, జరిగిపోయినదానికి శిక్షగా కాదు. ఈ తేడా మీ అమ్మగారికి మీరే కూర్చోబెట్టి చెప్పండి, ఎందుకంటే తన వల్లే వచ్చిందని నమ్మిన మనిషి అన్నం మానేస్తుంది, మాత్ర కూడా మానేస్తుంది. మా అప్ప విషయంలో ఆ నోళ్ళు మూయించడానికి మాకు ఏడాది పట్టింది.

కోట వెనక వీధి (విజయనగరం):

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇవన్నీ నిన్న రాత్రి అమ్మకి చదివి వినిపించాను, స్లైడు అన్నయ్య రాసింది రెండుసార్లు చదివించుకుంది. ఊకపొయ్యి మాట వినగానే "ఆఁ, అదా" అంది. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఉండేదట.

మా అమ్మ జాకెట్లు కుడుతుంది, ముప్పై ఏళ్ళుగా ఈ వీధి ఆడవాళ్ళందరి కొలతలూ ఆవిడ పుస్తకంలో ఉన్నాయి. తన నడుం ఎప్పుడూ కొలుచుకోలేదు. నిన్న ఆ టేపుతోనే నేను కొలిచాను, ముప్పై ఎనిమిదిన్నర అంగుళాలు, అంటే దగ్గరదగ్గర 98 సెంటీమీటర్లు. పుస్తకంలో చివరి పేజీలో తేదీ వేసి తనే రాసుకుంది. నాది కూడా కొలిచింది, 86. నా కొలత కూడా కింద రాసింది.

బొబ్బిలి తమ్ముడు రాసింది చదువుతున్నప్పుడు ఏడ్చింది. ఏమీ అనలేదు. పొద్దున్న లేచి మంచినీళ్ళు నిండా తాగింది, అది చూసి నాకు ఊపిరి వచ్చింది. చంకలో గ్రంథులు తీశారు, రిపోర్టులో చూశాను, చెయ్యి బాగానే ఉంది, గాజులు వదులుగానే ఉన్నాయి. రేపటి నుంచి పెద్ద చెరువు గట్టు వైపు ఇద్దరం పావుగంట నడుద్దాం అనుకున్నాం.

ఒక్క సందేహం. కుట్టుమిషను ముందు రోజుకి ఆరేడు గంటలు కూర్చుంటుంది, మోకాళ్ళు ముందు నుంచే నొప్పి. నడక మొదలుపెట్టే ముందు ఎముకల పరీక్ష ఏదైనా చేయించాలా?

స్లైడు మీద జీవితం (శ్రీకాకుళం):

పావుగంట నడకకి ముందు ఏ పరీక్షా అక్కర్లేదు, మెత్తటి చెప్పులు వేసుకోమను, మోకాలు మరీ పట్టేస్తే ఫిజియోథెరపీ వాళ్ళని అడిగితే కూర్చుని చేసే వ్యాయామాలు చూపిస్తారు. మిషను మీద గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయమను, ఆ పని ఇవాళ్టి నుంచే చేయొచ్చు.

ఎముకల పరీక్ష మాత్రం వేరే కారణానికి అవసరం. లెట్రోజోల్ ఈస్ట్రోజెన్‌ని తగ్గిస్తుంది కాబట్టి ఎముకలు పలచబడతాయి. అందుకని మొదట్లో ఒకసారి డెక్సా స్కాన్ చేసి, తర్వాత ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ చూస్తారు. అమ్మగారికి చేశారో లేదో పాత కాగితాల్లో చూడు, లేకపోతే వచ్చే చెకప్‌లో నువ్వే అడుగు, కాల్షియం, విటమిన్ డి ఎంత వేసుకోవాలో కూడా అప్పుడే అడుగు. ప్రశ్నలు చీటీ మీద రాసుకుని లోపలికి వెళ్ళగానే చీటీ డాక్టరు గారి చేతిలో పెట్టెయ్, నలభై మంది బయట ఉన్నా సరే చీటీ చదువుతారు.